మూడో వరుస, ఎడమ కిటికీ

దిదూబె స్టాండులో ఏడు గంటల వ్యాను నాది.
ఇరవై రెండేళ్లుగా అదే బండి, అదే దారి:
తిబిలిసి నుంచి స్తెపాంత్స్‌మిందా, మళ్లీ తిబిలిసి.
ఇంజను మూడుసార్లు మార్చాను.
మోకాలు మార్చలేదు.

ఆమె పేరు ఎతేరి. అక్షరాలు చేస్తుంది.
రాయడం కాదు, చేయడం.
పాల డబ్బా మీద, మందు సీసా మీద, మెట్రో గోడ మీద
మనం చదివే ప్రతి అక్షరానికీ
ఎవరో ఒకరు మెడవంపూ నడుమువంపూ తీర్చాలట.
అంతవరకు నాకు తెలియదు.
చెట్టుకు ఆకుల్లా వాటంతటవే వస్తాయనుకున్నాను.

నెలకో శుక్రవారం వస్తుంది.
మూడో వరుస, ఎడమ కిటికీ.
అది ఖాళీ లేకపోతే ఎక్కదు,
తొమ్మిదింటి బండి వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని
పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటుంది.
చిన్న సంచి: ఓ స్వెటరు, రొట్టె, జున్ను ముక్క,
మొన తీసిన పెన్సిళ్లు నాలుగు. కెమెరా ఉండదు.
"ఫోటో తీస్తే చూసేశాననుకుంటాను" అంది ఓసారి.

జిన్వాలి నీళ్ల దగ్గర అందరూ కిందికి దిగుతారు.
ఆమె నిద్రపోతుంది.
పసనౌరిలో నల్ల అరగ్వి, తెల్ల అరగ్వి కలిసే చోట
ఒక్క కన్ను తెరుస్తుంది.
రెండు రంగులూ పక్కపక్కనే కాస్త దూరం నడిచి
అప్పుడు గానీ కలవవని
సరిచూసుకుని మూసేస్తుంది.
గుదౌరి దాటాక మాత్రం రెప్ప వాల్చదు.

ఓ నెల జూతా. అక్కడ గడ్డివాము పక్కన ఒకరింట్లో
ఒంటి కిటికీ గది.
ఓ నెల త్రూసో లోయ, తుప్పు రంగు ఊటల వెంట.
వేసవి నడిమధ్యలో తుషేతి.
"ఆ దారి నీ బండి వల్ల కాదులే" అంటుంది,
ఆ నెల నాకు కోపం.

దూరపు కొండలు నునుపంటారు.
ఆమె దగ్గరికెళ్లి గరుకు తెచ్చుకుంటుంది.
మా లిపి అంతా గుండ్రన,
నిలబడి చూస్తే కొండంతా కోణాలు.
ఈ రెంటికీ ఎక్కడ పొత్తు కుదురుతుందని
పోయి పోయి వెతుకుతుంది.

ఓ ఫిబ్రవరిలో కోబి దగ్గర మంచు విరిగిపడింది.
ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మేం పదకొండుమంది,
రాత్రంతా.
ఏడుస్తున్న పిల్లాడి కోసం
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో అక్షరాలు చేసింది.
"దీని పొట్ట ఇంత పెద్దదేంటి?"
"కొండను మింగింది."
వాడు నవ్వి, నిద్రపోయాడు.
అప్పుడు నా వైపు తిరిగి అడిగింది:
"అక్కడ నీకు బాగా నచ్చే చోటేది, జుంబెర్?"
పెట్రోలు బంకు పక్క కొట్టు, చిక్కుడు రొట్టె వేడిగా దొరుకుతుందన్నాను.
"కొండ?"
"మనుషుల్ని దాని కాళ్ల దగ్గర దింపడమే నా పని."
ఆమె నవ్వలేదు. అదే నచ్చలేదు నాకు.

జూన్‌లో నడిపించింది.
గుడి దాకా కాదు, సగం దాకా.
మోకాలు మొరాయించిన చోట ఓ రాతి మీద కూలబడ్డాను.
ఆమె పక్కన కూర్చుని ఏదో గీసుకుంది.
మంచు శిఖరం మబ్బుల్లోంచి బయటికి రానే లేదు.
నేను కిందికి చూశాను.
కూడలి, ఊరు, ఇనుప రేకుల కప్పులు,
చిక్కుడు గింజంత నా బండి.
దాని తలుపు బార్లా తీసి ఉంది!
వేయడం మరిచిపోయాను.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి.
లేవబుద్ధి కాలేదు.

ఈ ఏడు బండి ముందు బోర్డు కొత్తది, ఆమె చేసిందే.
ఊరి పేరులో ఒక అక్షరానికి భుజం దగ్గర చిన్న నొక్కు.
అచ్చు తప్పు పడిందంటారు ప్రయాణికులు.
పడిందిలే అంటాను.
నా మోకాలికి తెలుసు ఆ చోటు.

సరిగ్గా ఏడింటికి కదులుతుంది బండి.
శుక్రవారాలు మాత్రం
ఎడమ కిటికీ అడక్కండి.